గ్రంథపాలకులు కలుసుకుంటే

బడిపంతులుకు తోటి పంతుళ్ళుంటారు. ప్లీడరుకు కోర్టు ఆవరణలో కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి మరో పదిమంది ప్లీడర్లుంటారు. డాక్టరుకు అనుమానం వస్తే పక్కవీధిలో ఉన్న మరో డాక్టరును అడగవచ్చు. కాని మన ఊళ్ళో శాఖా గ్రంథాలయం తలుపు తీసే లైబ్రేరియను సంగతి అలా కాదు. ఊరికంతటికీ ఆయన ఒక్కడే, లేదా ఆమె ఒక్కతే. పొద్దున్నే తాళం తీసి, పత్రికలు బల్లలమీద పరచి, వచ్చినవారి సంతకాలు పుస్తకంలో పెట్టించి, ఇచ్చిన పుస్తకానికీ తిరిగివచ్చిన పుస్తకానికీ పద్దు రాసుకుని, చీకటిపడ్డాక మళ్ళీ తాళం వేసుకుని ఇంటికి వెళ్ళేవరకు ఆ ఉద్యోగంలోని కష్టసుఖాలు తెలిసిన మనిషి మరొకరు ఆ ఊళ్ళో కనిపించరు.

బీరువాలో చెదలు పట్టింది. ఏం చేయాలి? అట్ట ఊడిన పాత నవలను కుట్టించాలా, తీసివేయాలా? పోటీ పరీక్షలకు చదువుకునే కుర్రవాళ్ళు పొద్దుటినుంచి రాత్రివరకు కుర్చీలన్నీ ఆక్రమించుకుంటే, పేపరు చూసుకోవడానికి వచ్చిన పెద్దలను ఎక్కడ కూర్చోబెట్టాలి? ఇటువంటి చిక్కులు పైకి చిన్నవే. అయితే గ్రంథాలయం బ్రతకడమూ మూతపడడమూ తరచు ఇటువంటి చిన్న చిక్కులమీదనే ఆధారపడి ఉంటుంది. వీటికి జవాబులు పుస్తకాలలో కన్న తోటి గ్రంథపాలకుల అనుభవంలోనే ఎక్కువగా దొరుకుతాయి. అందుకే గ్రంథపాలకులు అప్పుడప్పుడు ఒకచోట చేరడమనేది వేడుకకోసం పెట్టుకునే సభ కాదు, వృత్తికి ప్రాణావసరం. ఆ సంగతి ప్రపంచంలో చాలామందికంటె ముందే గుర్తించినవారిలో మన తెలుగువారున్నారు.

ఒంటరితనానికి బెదిరిన ఆచార్యుడు

మనదేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడని పేరు పొందిన షియాలి రామామృత రంగనాథన్ గారు మొదట గణితం చెప్పే పంతులు. 1924 జనవరిలో ఆయన మద్రాసు విశ్వవిద్యాలయానికి గ్రంథపాలకుడుగా వెళ్ళారు. నిన్నటిదాకా పిల్లల ప్రశ్నలతో సందడిగా ఉన్న తరగతి ఎక్కడ, మనిషి అలికిడి లేని ఆ పుస్తకాల గది ఎక్కడ! వారం తిరక్కుండానే ఆయనకు ఊపిరాడలేదు. తిన్నగా ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్ళి, తన పాత ఉద్యోగం తనకు ఇప్పించవలసిందని ప్రిన్సిపాలును అడిగారు.

ఆ ప్రిన్సిపాలు లోకజ్ఞత కలవాడు. ఇంగ్లండు వెళ్ళి గ్రంథాలయ విద్య చదువుకురమ్మనీ, తిరిగివచ్చిన తరవాత కూడా విసుగ్గానే ఉంటే అప్పుడు కాలేజీలో చేరవచ్చుననీ చెప్పి పంపించారు. రంగనాథన్ గారు లండనులో చదివారు. క్రాయ్డన్‌లో గ్రంథపాలకుడుగా ఉన్న బెర్విక్ సేయర్స్ అనే పెద్దమనిషి వద్ద పని నేర్చుకున్నారు. ఆ దేశంలో వందకుపైగా గ్రంథాలయాలు తిరిగి చూశారు. ప్రతిచోటా తనలాంటివారే. వారికీ తనకున్న చిక్కులే. ఒకచోట సరిగా జరగని పని మరొకచోట చక్కగా జరుగుతున్నది. ఎందుకు అని ఆలోచించడంతోనే ఆయనకు ఆ వృత్తిమీద మనసు నిలిచింది. పాత ఉద్యోగం మాట మళ్ళీ ఎత్తలేదు.

తిరిగివచ్చాక ఆయన తన గ్రంథాలయాన్ని బాగుచేసుకోవడంతో ఆగిపోలేదు. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం ఏర్పడడానికి ముఖ్యకారకులయ్యారు. మరుసటి ఏడు, అంటే 1929లో, ఆ సంఘం తరఫున వేసవిలో గ్రంథపాలకులకు శిక్షణ పాఠశాల ప్రారంభమయింది. 1931లో విశ్వవిద్యాలయమే దానిని తన చేతికి తీసుకున్నది. అదే ఏడు ఆయన ప్రసిద్ధమైన పంచసూత్రాల గ్రంథాన్ని ప్రచురించినదీ ఆ సంఘమే. అదే 1931లో తంజావూరు ప్రాంతపు మన్నార్గుడి దగ్గర ఎడ్లబండిమీద పల్లెలకు పుస్తకాలు తీసుకువెళ్ళే సంచార గ్రంథాలయం బయలుదేరితే దానిని ప్రారంభించినదీ ఆయనే. ఒంటరితనానికి బెదిరి ఉద్యోగం వదులుకోబోయిన మనిషి, మరెవ్వరూ అలా ఒంటరి కాకుండా ఉండడానికి జీవితమంతా పాటుపడ్డాడన్నమాట. ఆయన పుట్టినరోజు ఆగస్టు 12వ తేదీని మనదేశంలో గ్రంథపాలకుల దినంగా జరుపుకుంటారు.

నూటముగ్గురితో మొదలు

గ్రంథపాలకులు సంఘంగా కూడడమనే పద్ధతి అమెరికాలో 1876లో స్థిరపడింది. ఆ సంవత్సరం అక్టోబరులో ఫిలడెల్ఫియాలో 103 మంది సమావేశమై అమెరికన్ గ్రంథాలయ సంఘాన్ని స్థాపించారు. ఆ 103 మందిలో 13 మంది స్త్రీలు. ఆ రోజులకు అది తక్కువ సంఖ్య కాదు. పుస్తకాలకు దశాంశ పద్ధతిని అంకెలు వేయడం నేర్పిన మెల్విల్ డ్యూయీ ఆ సభకు సూత్రధారులలో ఒకడు. ఆయన వర్గీకరణ పుస్తకం కూడ ఆ ఏడాదే వెలువడింది. ఈనాడు మీ అమ్మాయి కాలేజీ గ్రంథాలయంలో పుస్తకం వీపుమీద కనబడే అంకె ఆ పద్ధతిలోనిదే కావచ్చు. ఒక గ్రంథాలయంలో పుట్టిన ఉపాయం లోకమంతా పాకాలంటే ఆ పదిమందీ కలుసుకోవాలి గదా! తరవాత 1927లో ఎడింబరోలో అన్ని దేశాల గ్రంథాలయ సంఘాలకూ కలిపి ఒక అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. ఆ సమాఖ్య మహాసభ 1992లో మన ఢిల్లీలోనే జరిగింది.

బెజవాడ సభ

మన సంగతికి వద్దాం. కృష్ణాతీరంలో బెజవాడలో 1911 నాటికే రామ్మోహన ధర్మ పుస్తక భాండాగారం వెలసింది. 'భాండాగారం' అన్న మాటలోనే చూడండి, పుస్తకాలను దాచిపెట్టే చోటు అన్న అర్థం ధ్వనిస్తుంది. అలాంటి భాండాగారాలు అప్పటికే తెలుగునాట అక్కడక్కడా ఉన్నాయి. విశాఖపట్టణంలో ఉంది, రాజమహేంద్రవరంలో ఉంది, ఎవరో ఉత్సాహవంతులైన యువకులు చందాలు పోగుచేసి పెట్టినవి చిన్న చిన్న ఊళ్ళలోనూ ఉన్నాయి. కాని ఒకదాని సంగతి మరొకదానికి తెలియదు. ఒక ఊళ్ళో పెట్టినవారి ఉత్సాహం చల్లబడగానే ఆ బీరువాకు తాళం పడిపోయేది.

ఈ దీపాలన్నిటినీ ఒక వరుసలో పెట్టాలన్న ఊహ అయ్యంకి వెంకటరమణయ్య గారికి కలిగింది. అప్పటికాయనకు పాతికేళ్ళు కూడా లేవు. తోటివారిని కూడగట్టుకుని, ఊరూరికీ ఉత్తరాలు వ్రాసి, 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలోని ఆ రామ్మోహన గ్రంథాలయంలోనే ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులను సమావేశపరిచారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షత వహించారు. ఆనాడే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. ఒక భాషాప్రాంతమంతటికీ ఇటువంటి సంఘం ఏర్పడడం మనదేశంలో అదే మొదలని చెప్పుకుంటారు.

ఆ రోజులలో ఇటువంటి సభకు వెళ్ళడమంటే మాటలు కాదు. రైలు దిగి, బండి ఎక్కి, కాలువ దాటి రావాలి. వచ్చినవారిలో జీతంమీద పనిచేసే గ్రంథపాలకులు బహు తక్కువ. సాయంకాలం తమ పని ముగించుకుని ఊరికి పుస్తకాలు పంచిపెట్టే స్వచ్ఛంద సేవకులే ఎక్కువ. అయినా ఆ పరిచయాలు వృథా పోలేదు. రెండేళ్ళు తిరిగేసరికి, 1916లో, 'గ్రంథాలయ సర్వస్వం' అనే పత్రిక వెలువడింది. సభకు రాలేనివారికి సభనే ఇంటికి పంపినట్లయింది. ఒక ఊరి గ్రంథాలయం వార్షికోత్సవం ఎలా చేసుకున్నదీ, మరొక ఊళ్ళో స్త్రీలకు ఇంటికే పుస్తకాలు ఎలా అందుతున్నదీ ఇటువంటి పత్రికలవల్లనే నలుగురికీ తెలిసేది.

1919 నవంబరు 14వ తేదీన మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. దానికి పూనుకున్నవారిలోనూ మన వెంకటరమణయ్య గారు ముందున్నారు. బరోడా సంస్థానంలో మహారాజు సయాజీరావు పల్లెపల్లెకు గ్రంథాలయాలు నెలకొల్పి దేశానికి మార్గదర్శి అయ్యారు గదా, ఆ బరోడా గ్రంథాలయ శాఖ అధికారి కుడాల్కర్ గారే ఆ సభకు అధ్యక్షులు. ఈనాడు నవంబరు 14 నుంచి 20 వరకు దేశమంతటా జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాలకు మూలం ఆ రోజే. నవంబరు 14 నెహ్రూగారి జన్మదినం కావడంవల్ల, పిల్లల పండుగా పుస్తకాల పండుగా ఒకే రోజున కలిసివచ్చాయి. అయ్యంకి వారికి 1972లో పద్మశ్రీ లభించింది. 1979లో ఆయన కన్నుమూశారు.

పడవ ఎక్కిన పుస్తకాలు

సభలు జరుపుకుని, తీర్మానాలు చేసుకుని, దండలు వేసుకుని ఇళ్ళకు వెళ్ళిపోతే దానిని ఉద్యమం అనరు. సభలో కలిసినవారు తరవాత కలిసి నడిచారు. నడవడమంటే నిజంగా నడవడమే. గ్రంథాలయ యాత్రలని బయలుదేరి, పది ఇరవైమంది ఒక జట్టుగా పల్లెపల్లెకూ వెళ్ళేవారు. భజనలు, ఉపన్యాసాలు, పుస్తక ప్రదర్శనలు. గ్రంథాలయం లేని ఊళ్ళో పెట్టించడం, ఉండీ నిద్రపోతున్న చోట లేపడం వారి పని. పుణ్యక్షేత్రాలకు వెళ్ళినట్లే పుస్తకశాలలకు యాత్ర చేయడం మనవాళ్ళకే తట్టిన ఊహ.

తెనాలి ప్రాంతంలో పాతూరి నాగభూషణం గారు మరొక అడుగు ముందుకు వేశారు. కృష్ణా కాలువల్లో ధాన్యం, మనుషులు, పెళ్ళివారు అందరూ పడవల్లోనే ప్రయాణం చేసే కాలమది. గంటల తరబడి తీరికగా కూర్చుని ఉండే ఆ ప్రయాణీకులకు పుస్తకం అందిస్తే చదవరా? 1935లో పడవలమీద గ్రంథాలయం వెలిసింది. కాలువ గట్టున ఉన్న పల్లెలకు పుస్తకాలు నీటిమీద చేరేవి. గ్రంథపాలకులకు వేసవి శిక్షణ శిబిరాలు నడపడంలోనూ నాగభూషణం గారి చేయి పెద్దది. మధ్యలో ఆగిపోయిన 'గ్రంథాలయ సర్వస్వం' పత్రికను మళ్ళీ నిలబెట్టినదీ ఆయనే. విజయవాడలో సంఘానికి ఒక ఇల్లు ఏర్పడింది. దానికి సర్వోత్తమ భవనమని పేరు పెట్టారు. ఎన్నో ఏళ్ళు సంఘానికి అధ్యక్షులుగా ఉండి, 1960లో కన్నుమూసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి పేరు అది.

ఇటు నైజాం రాష్ట్రంలో కథ మరొక రకం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించినవారిలో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు గార్లున్నారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలసింది. అక్కడ సభ పెట్టుకోవాలంటే సర్కారువారి అనుమతి కావాలి. తెలుగు చదువుకే ఆదరణ కరువు. అటువంటి చోట గ్రంథాలయంలో నలుగురు కూడి పత్రిక చదువుకోవడమే పెద్ద సాహసం. 1925లో మధిరలో, 1928లో సూర్యాపేటలో గ్రంథాలయ మహాసభలు జరిగాయి. పుస్తకాల పేరున కలుసుకున్న మనుషులే తరవాత ఆంధ్ర మహాసభలో కలుసుకున్నారు. తెలంగాణలో ప్రజాచైతన్యం అడుగుజాడలు వెతుక్కుంటూ వెడితే గ్రంథాలయం గడప దగ్గరకే చేరుకుంటాం.

వేటపాలెం సారస్వత నికేతనం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1918లో చిన్నగా మొదలయిన ఆ గ్రంథాలయానికి 1929లో గాంధీ మహాత్ముడు వచ్చారు. శతాబ్దం నాటి పత్రికల సంపుటాలను కాపాడుకుంటూ వచ్చిన చోటు అది. ఎక్కడా దొరకని పాత సంచిక కావలసిన పరిశోధకుడు ఎంత దూరంనుంచయినా వేటపాలెం రైలు ఎక్కవలసిందే. అయితే వేటపాలెంలో ఫలానా పత్రిక ఉన్నదని అతనికి ఎవరు చెబుతారు? మరొక ఊరి గ్రంథపాలకుడే. ఆ సమాచారం ఒకరినుంచి ఒకరికి అందకపోతే, బీరువాలో ఉన్న నిధికీ నేలలో పాతిన నిధికీ తేడా ఏమిటి?

మీ ఇంటిపన్నులో ఉన్న సంగతి

ఈ సభలూ సంఘాలూ అన్నీ వేదికలమీది మాటలేనా అంటే, కాదు. వాటి ఫలం మీ ఇంటిపన్ను రసీదులో ఉంది. పౌర గ్రంథాలయాలను చందాల దయమీద వదిలివేయకూడదనీ, చట్టం ఉండాలనీ రంగనాథన్ గారు, సంఘాలవారు ఏళ్ళ తరబడి పోరగా, 1948లో మద్రాసు రాష్ట్రంలో పౌర గ్రంథాలయ చట్టం వచ్చింది. మన ఆంధ్ర జిల్లాలు అప్పుడా రాష్ట్రంలోనివే. 1955లో హైదరాబాదు రాష్ట్రానికి వేరే చట్టం వచ్చింది. రెండు ప్రాంతాలూ ఒకటయ్యాక, 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం చేశారు. దాని ప్రకారం ఏర్పడినవే జిల్లా గ్రంథాలయ సంస్థలు, వాటి కింద శాఖా గ్రంథాలయాలు, పల్లెలలో పుస్తక నిక్షిప్త కేంద్రాలు. 2014లో రాష్ట్రం రెండయినా, రెండు చోట్లా ఆ వ్యవస్థే నడుస్తున్నది.

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. మునిసిపాలిటీవారు, పంచాయతీవారు వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు జమ కట్టాలి. ఆ సొమ్ము సకాలంలో చేరడంలేదన్నది గ్రంథాలయ సభలన్నిటిలోనూ వినవచ్చే పాత ఫిర్యాదు. ఖాళీ అయిన ఉద్యోగాలు భర్తీ కావడంలేదనీ, ఒకే మనిషి రెండు మూడు శాఖలు చూసుకోవలసి వస్తున్నదనీ మరొక ఫిర్యాదు. ఒక లైబ్రేరియను ఒంటరిగా ఈ మాట అంటే అది గొణుగుడు అవుతుంది. జిల్లాలోని వారందరూ చేరి, లెక్కలు పక్కపక్కన పెట్టి, పాఠకులను కూడా పిలిచి చెబితే అది విన్నపమవుతుంది. కలుసుకోవడంలోని బలం అదే.

సభలో ఏం జరుగుతుంది?

గ్రంథపాలకుల సమావేశమంటే పైన పంకా తిరుగుతుండగా ఎవరో వ్యాసం చదవడం, మిగిలినవారు కునుకు తీయడం అని మీరు అనుకుంటే అది కొంతవరకు నిజమే లెండి. ఏ వృత్తివారి సభ అయినా అంతే. కాని అసలు పని వ్యాసాల మధ్య, కాఫీల వేళ, భోజనాల పంక్తిలో జరుగుతుంది.

"మా దగ్గర పిల్లల పుస్తకాలు చాలడంలేదండీ," అని ఒక ఊరి లైబ్రేరియను అంటాడు. "మా శాఖకు ఒకే పుస్తకం నాలుగేసి ప్రతులు వచ్చి పడ్డాయి, పైవారితో మాట్లాడి మార్చుకుందామా?" అంటుంది పక్క తాలూకానుంచి వచ్చిన ఆవిడ. ఇద్దరి బీరువాలూ బాగుపడతాయి. ఒకరు ఆదివారం ఉదయం కథలు చెప్పే కార్యక్రమం పెట్టి పిల్లలను రప్పించిన తీరు చెబుతారు. మరొకరు రిటైరయిన మాస్టార్లచేత ఆ కథలు చెప్పించమని సలహా ఇస్తారు. వానకాలంలో తడిసిన పుస్తకాన్ని ఎండలో పెడితే కాగితం వంకరపోతుందనీ, గాలి తగిలే నీడన ఆకుల మధ్య పీల్చుకునే కాగితాలు పెట్టి ఆరనివ్వాలనీ అనుభవజ్ఞులు చెబుతారు. ఇవేవీ తీర్మానాలలోకి ఎక్కవు. కాని ఆ పుస్తకం మీ చేతికి వచ్చినప్పుడు పుటలు అంటుకుపోకుండా ఉండడానికి కారణం ఆ కాఫీ వేళ కబురే.

ఈ కాలంలో మరొక విషయం చేరింది, అది కంప్యూటరు. కార్డుల బీరువా స్థానంలోకి అది వస్తున్నకొద్దీ, దానిని వాడడం ఒకరికొకరు నేర్పుకోవలసిన అవసరం పెరిగింది. న్యూజిలాండులో హోరోవెనువా అనే చిన్న ప్రాంతపు గ్రంథాలయాలకోసం తయారయి 2000 సంవత్సరంలో వాడుకలోకి వచ్చిన 'కోహా' అనే ఏర్పాటు ఉంది. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థం. ఎవరయినా డబ్బు చెల్లించకుండా వాడుకోవచ్చు, బాగుచేసి నలుగురికీ ఇవ్వవచ్చు. అలా దేశదేశాల గ్రంథపాలకులు తలొక చేయి వేసి దానిని పెంచారు. మనదేశంలో ప్రభుత్వ సంస్థ తయారుచేసిన 'ఇ-గ్రంథాలయ' కూడా ఉంది. చాలామంది కొత్తవారు వీటిని మొదట నేర్చుకునేది సంఘాలు, విశ్వవిద్యాలయాలు పెట్టే రెండు మూడు రోజుల శిక్షణ తరగతులలోనే. గ్రంథాలయ విద్యను విశ్వవిద్యాలయంలో బోధించడంలో మనదేశానికి దారితీసిన తొలివారిలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఒకటి. అక్కడ ఆ చదువు 1935లోనే మొదలయింది.

మరొక లాభం కూడా చెప్పాలి. పాత తెలుగు పుస్తకాలను ఫోటోలు తీసి కంప్యూటర్లలో భద్రపరచే పెద్ద ప్రయత్నం ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో జరిగింది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన మన తెలుగువారు రాజ్ రెడ్డి గారు ఆ పథకానికి ముఖ్యులు. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ దానికొక కేంద్రం. ఆ పుటలు తిరగవేస్తే మొదటి పేజీమీద ఏదో ఒక తెలుగు ఊరి గ్రంథాలయం ముద్ర కనిపిస్తుంది. ఎప్పుడో ఎవరో గ్రంథపాలకుడు చెదలకు, తేమకు, అరువు తీసుకుని తిరిగి ఇవ్వని చేతులకు చిక్కకుండా దాచబట్టి ఆ పుస్తకం దక్కింది. ఆ తరవాత ఒక గ్రంథాలయంవారు మరొకరిని నమ్మి పుస్తకాన్ని చేతిలో పెట్టబట్టి లోకానికంతటికీ దక్కింది.

మనవంతు

ఇదంతా గ్రంథపాలకుల గొడవ, మనకెందుకని గృహస్థులు అనుకోవచ్చు. కాని పాఠకుడు లేని గ్రంథాలయ సభ పెళ్ళికొడుకు లేని పెళ్ళి వంటిది. ఏడాదికి కొన్ని రోజులయినా ఆ సభలు మీ గుమ్మం దాకా వస్తాయి. ఆగస్టు 12న రంగనాథన్ గారి జయంతి. నవంబరు 14 నుంచి వారం రోజులు గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారంలో మీ ఊరి శాఖలో పిల్లలకు వ్యాసరచన, చిత్రలేఖనం, వక్తృత్వపు పోటీలు పెడతారు, పుస్తకాల ప్రదర్శన ఉంటుంది, కవులూ పంతుళ్ళూ వచ్చి మాట్లాడతారు. వేసవి సెలవులలో చాలాచోట్ల పిల్లలకు శిబిరాలు నడుపుతారు. విజయవాడలోనూ హైదరాబాదులోనూ చలికాలంలో జరిగే పుస్తక ప్రదర్శనలకు ఊరూరినుంచి గ్రంథపాలకులు వస్తారు. కొత్త పుస్తకాలు చూస్తారు, ప్రచురణకర్తలతో మాట్లాడతారు, దూరపు మిత్రులను పలకరిస్తారు.

ఆ రోజులలో మీరు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళండి. సభ్యత్వానికి కట్టవలసిన డిపాజిట్టు స్వల్పమే; అమ్మాయికీ అబ్బాయికీ చెరొక కార్డు తీసుకోండి. చదివి పక్కన పెట్టిన మంచి పుస్తకాలుంటే తీసుకువెళ్ళి, కావాలా అని లైబ్రేరియను గారిని అడగండి. అడగకుండా అటకమీది చిత్తుకాగితాల కట్టలన్నీ తెచ్చి దించవద్దు సుమా! మీలో చక్కగా కథ చెప్పగల అమ్మమ్మలుంటే, లెక్కలు చెప్పగల తాతయ్యలుంటే, వారానికొక గంట ఇస్తామని చెప్పండి. మీ ఊళ్ళో గ్రంథపాలకుల సమావేశం జరిగితే వెనక బెంచీమీద కూర్చుని వినండి. అడిగే అవకాశం ఇస్తే, మా వీధిలో వసూలయిన గ్రంథాలయ పన్ను ఎంత, మా శాఖకు చేరిన పుస్తకాలు ఎన్ని అని మర్యాదగా అడగండి. ఆ ప్రశ్న లైబ్రేరియనుకు కోపం తెప్పించదు. తాను అడగలేని మాట మీరు అడిగారని ఆయన లోలోపల సంతోషిస్తాడు.

ఈసారి గ్రంథాలయానికి వెళ్ళినప్పుడు ముందు పేపరుకోసం చేయి చాపకుండా, బల్ల వెనక కూర్చున్న మనిషిని పలకరించి చూడండి. ఈ నెలలో ఏం కార్యక్రమం ఉందండీ అని అడగండి. ఏమీ లేదంటే, పెడదామా అని అడగండి.